కాలేజీలో లైంగిక హింస గురించి మాట్లాడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కాలేజీలో లైంగిక హింస, లింగ వివక్షతో జరిగే హింస మీద అవగాహన కార్యక్రమం పెట్టాలనుకుంటున్నాం, స్టూడెంట్స్ నిజంగా వినాలంటే ఏం చేయాలి అని అడిగారు. కొన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను కాబట్టి నా అనుభవం చెప్తాను.

డిగ్రీ రెండో ఏడాదిలో నా స్నేహితురాలు హాస్టల్ మెట్ల మీద కూర్చుని, బ్యాగ్ జిప్పు తీస్తూ వేస్తూ, ఒక సీనియర్ తనతో ఎలా ప్రవర్తించాడో చెప్పింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అక్కడికి ఒక్కదానివే ఎందుకెళ్లావ్?" జిప్పు చప్పుడు ఆగిపోయింది. మళ్లీ ఎప్పుడూ తను ఆ విషయం ఎత్తలేదు. కంగారులో అన్నాను గానీ, ఆ ఒక్క ప్రశ్నతో తప్పంతా తన మీదికి నెట్టేశాను.

చాలామంది ముందుగా చెప్పుకునేది స్నేహితులకే. అందుకే వినేవాళ్లను తయారుచేయడం మీదే ఎక్కువ టైం పెట్టండి. "నిన్ను నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పేం లేదు. ఇప్పుడు నీకేం కావాలి?" ఈ మూడు మాటలు ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి పైకి అనిపించండి. మొదట్లో నవ్వుతారు, తర్వాత గొంతు మారుతుంది. "ఎందుకు అరవలేదు?" అని ఎందుకు అడగకూడదో కూడా చెప్పండి. భయంతో ఒళ్లు బిగుసుకుపోయి మాట రాకపోవడం శరీరం చేసే పని, అది ఒప్పుకోవడం కాదు.

మేం మొదట నవంబర్ 25న, మహిళలపై హింస నిర్మూలన దినం అని పెద్ద సభ పెట్టాం. ప్రసంగాలు, ఫొటోలు అయ్యాయి, ప్రశ్న ఒక్కటీ రాలేదు. తర్వాతి ఏడాది పాతికమంది చొప్పున క్లాస్‌రూమ్‌లో కూర్చోబెట్టి, పేరు రాయొద్దని చెప్పి తెల్ల కాగితాలిచ్చాం. గోరంత సైజుకి మడిచిన ఒక చీటీలో, "అతను నా బాయ్‌ఫ్రెండే. వద్దన్నా ఫొటోలు పంపమంటాడు. ఇది కూడా హింసేనా?" అని ఉంది. గంటసేపు దాని మీదే మాట్లాడుకున్నాం.

అబ్బాయిల్ని నేరస్తుల్లా నిలబెట్టకండి. వాళ్లలోనూ బాధితులుంటారు. పక్కవాడు హద్దు దాటుతుంటే ఏం చేయాలో నేర్పండి. గొడవకే దిగక్కర్లేదు, "నిన్ను ల్యాబ్‌లో పిలుస్తున్నారు" అని ఆ అమ్మాయిని అక్కడి నుంచి తప్పించినా చాలు.

వైద్యం సంగతి తప్పక చెప్పండి. అత్యాచారం జరిగితే హెచ్‌ఐవీ రాకుండా వాడే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మంచిది. గర్భం రాకుండా అత్యవసర మాత్రలు 5 రోజుల వరకు పనిచేస్తాయి కానీ ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది. ఒంటి మీది బట్టలు ఉతక్కుండా కాగితం కవర్లో దాచాలి. కేసు పెట్టాలా వద్దా అనేది తేలకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం దాదాపు ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక లేదా లైంగిక హింసకు గురవుతున్నారు. అంటే మీ ఎదురుగా కూర్చున్నవాళ్లలో కొందరికి ఇది ఇప్పటికే జరిగి ఉంటుంది. మధ్యలో ఎవరైనా లేచి వెళ్తే ఆపొద్దు, ఎందుకని అడగొద్దు. ఎవరినీ తమ కథ చెప్పమని ఒత్తిడి చేయొద్దు. తేదీ ఖరారు చేసేముందే ఒక కౌన్సెలర్‌తో మాట్లాడి, ఆ రోజంతా అందుబాటులో ఉండమనండి. మా క్లాస్‌రూమ్ సెషన్ అయిన సాయంత్రమే ఇద్దరమ్మాయిలు వచ్చి, ఏమీ మాట్లాడకుండా తలుపు దగ్గర నిలబడ్డారు.