ఏ తేనె?

ప్రశ్న: మేము ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో ఉద్యోగాలు చేస్తున్న ఎనిమిది మంది తెలుగువాళ్లం. ఒక మిత్రుడి పెళ్లిరోజుకని తలా కొంత వేసుకుని షాటో దికెమ్ అనే తోట వారి తియ్యని వైన్ సగం సీసాలు మూడు కొన్నాం: 2001, 2009, 2013 పంటలవి. 2012 అడిగితే అది అసలు లేదన్నాడు దుకాణదారు. నిజమేనా? మూడింటినీ ఒకేసారి ఎలా రుచి చూడాలి? అన్నీ తేనెలా తియ్యగా ఉంటే ఏది మేలో మాకు తెలుస్తుందా? తోడుగా ఒకరు పూతరేకులు తెస్తానంటున్నారు. – ఒక పాఠకుడు

జవాబు: దుకాణదారు చెప్పింది నిజం. 2012లో దికెమ్ పేరుతో వైన్ రాలేదు. 1992లోనూ, అంతకుముందు 1964, 1972, 1974లలోనూ అంతే. పంట తమ పేరుకు తగినట్టు లేదనిపిస్తే ఆ ఏడాది ఆ పేరుతో సీసా నింపరు. 1855లో బోర్డో వైన్లకు మెట్లు కట్టిన వర్గీకరణలో, ఆ ఊరి దగ్గరి సొటెర్న్ ప్రాంతపు తియ్యని వైన్లన్నిటి కంటే పైమెట్టు ఈ ఒక్క తోటకే దక్కింది. ఒక ఏడాది పంటను వదులుకోవడం ఎంత నష్టమో తెలిసీ ఆ పని చేస్తారు చూడండి, అందుకే నాకు ఆ తోటంటే గౌరవం.

మీ మూడు సీసాల్లో ఏముందో తెలియాలంటే ముందు అక్కడి పొగమంచు సంగతి తెలియాలి. సిరోన్ అనే చిన్న ఏరు చల్లని నీళ్లతో వచ్చి, వెచ్చని గారోన్ నదిలో కలుస్తుంది. శరత్కాలపు ఉదయాల్లో అక్కడ లేచిన మంచు తోటలను కమ్మేస్తుంది. ఆ తేమకు ద్రాక్ష మీద బొట్రైటిస్ అనే బూజు పడుతుంది. మధ్యాహ్నం ఎండ కాస్తే బూజు తొక్కను తూట్లు పొడిచి వదిలిన పండులోంచి నీరు ఆవిరైపోతుంది. తీపి, పులుపు, పరిమళం చిక్కబడతాయి. ఎండకు బదులు వాన పట్టుకుంటే అదే బూజు ఉత్త కుళ్లు అవుతుంది. 2012లో కోతల వేళ వానలే దెబ్బ తీశాయి.

ఆ ప్రాంతంలోనే ఒక చిన్న తోటలో రెండు శరత్తులు ద్రాక్ష కోశాను. గుత్తి మొత్తం కోయకూడదు. ముడుచుకుని ఊదారంగు తిరిగిన పండ్లను మాత్రం ఏరి, మిగిలినవి వదిలేసి, కొన్నాళ్లకు మళ్లీ అదే తీగ దగ్గరికి రావాలి. బూజు పట్టిన పండును మొదటిసారి నోట్లో వేసుకోవడానికి ధైర్యం చాలలేదు. వేసుకున్నాక చేతిలో ఉన్నవన్నీ తినేశాను. దికెమ్‌లో ఒక తీగకు ఒక గ్లాసు వైనే వస్తుందంటారు. ఆ ఏరుడు చేసినవాళ్లకు అందులో ఆశ్చర్యం కనిపించదు.

ఇక తేనె మాట. బోర్డోలో చదువుకునే రోజుల్లో ఒక సొటెర్న్ రుచి చూసి ‘తేనె’ అని రాశాను. మా ఉపాధ్యాయురాలు కాగితం తిరిగి ఇచ్చి, “ఏ తేనె?” అని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది, మా తాతగారు జుంటితేనెను, పుట్టతేనెను కళ్లు మూసుకుని గుర్తుపట్టేవారు. ఆ రోజు నుంచి నా పుస్తకంలో తెలుగులోనే రాసుకుంటున్నాను: మామిడితాండ్ర, నారింజ తొక్క, కుంకుమపువ్వు, ఎండు ఖుబానీ, ముదురు పాకం, మైనం. మీరూ అలాగే రాయండి. ఫ్రెంచివారి మాటలు అరువు తెచ్చుకోవద్దు. అరువు తెచ్చుకోవలసినవి గ్లాసులు. మనిషికి మూడు చొప్పున 24 కావాలి. మూడూ పక్కపక్కన ఉంటేనే ఒకదాని నుంచి ఇంకొకదానికి వెళ్లి రావచ్చు. 375 మిల్లీలీటర్ల సీసా ఎనిమిది మందికి పంచితే తలా 45 మిల్లీలీటర్లు దాటుతుంది, అది చాలు.

సీసాలకు కాగితం చుట్టి అంకెలు వేయండి. 2001కి గొప్ప పంటగా ఉన్న పేరు ముందే నాలుక మీద కూర్చోకూడదు. రంగును మాత్రం దాచలేరు, పాతది ముదురు బంగారంలా ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు ఆగి, 10–12 డిగ్రీల దగ్గర పోయండి. మరీ చల్లగా ఉంటే పరిమళం లేవదు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా చెడిందని అర్థం. గోళ్లరంగు వాసన లేశంగా ఉంటే ఈ రకం వైన్లలో తప్పు కాదు, పండు వాసనను మింగేస్తేనే తప్పు.

నోట్లో పోసుకోగానే తీపికి మార్కులు వేయకండి. ఈ వైన్‌లో లీటరుకు సుమారు 120–150 గ్రాముల చక్కెర ఉంటుంది. కోలా పానీయంలో కూడా 100 గ్రాములకు పైనే. చూడవలసింది పులుపును. నాలుక పక్కల నీళ్లూరి, ఆ తీపి బరువును ఎత్తి పట్టుకుంటోందా? మింగాక గడియారం చూడండి. రుచి నిలిచిన ఒక్కో సెకనును ఫ్రెంచివారు ఒక ‘కోదాలి’ అంటారు. తీపి వెళ్లిపోయి, నారింజ తొక్క చేదో, కుంకుమపువ్వో, వేయించిన బాదమో చాలాసేపు మిగిలిందా? నేను దానికే పెద్దపీట వేస్తాను. ఎనిమిది మందీ రాయడం ముగించేవరకు ఎవరూ పైకి మాట్లాడకండి. ఒకరు ‘ఖుబానీ’ అన్నారంటే మిగిలిన ఏడుగురికీ అదే తోస్తుంది.

పూతరేకులు వద్దు. వాటి పక్కన ఈ వైన్ పుల్లగా, పలచగా తేలిపోతుంది. రోక్‌ఫోర్ అనే నీలి బూజు చీజ్ తెచ్చుకోండి, దాని ఉప్పదనానికి ఈ తీపి చక్కగా అతుకుతుంది. అదీ రుచి చూడడం అయ్యాకే. ఏమైనా మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, వారం వరకు బాగుంటుంది. మూడో రోజున 2013ను మళ్లీ ఒక చుక్క చూడండి, మొదటి రోజు దాచుకున్నది అప్పుడు చెబుతుంది.

మీ ఎనిమిది కాగితాల్లో ఏ తేనె పేర్లు వచ్చాయో నాకు తప్పకుండా రాయండి.