హారర్ పోస్టర్ల పిచ్చి చదువుగా మారుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. సెలవులకు ఇంటికొస్తే చాలు, హారర్ సినిమాల పోస్టర్లు చూడటం, లాప్‌టాప్‌లో తనూ అలాంటివే చేయడం. బీటెక్ వద్దు, డిజైన్ చదువుతానంటోంది. తను చేసిన మూడు పోస్టర్లు పంపుతున్నాను. ఇందులో బతుకుతెరువు ఉందా?
– ఒక తండ్రి

జవాబు: ముందు పోస్టర్ల సంగతి మాట్లాడుకుందాం, మీ ప్రశ్నకు సగం జవాబు వాటిలోనే ఉంది. అమ్మాయికి సాఫ్ట్‌వేర్ మీద చేయి తిరిగింది. భయపెట్టడం మాత్రం ఇంకా రాలేదు.

మొదటి పోస్టర్లో పుర్రె, సమాధి, గబ్బిలాలు, తెల్లచీర, నెత్తురు అన్నీ ఉన్నాయి. అన్నీ చూపించేస్తే చూసేవాడు ఊహించుకోవడానికి ఏం మిగిలింది? 1973 నాటి ‘ది ఎక్సార్సిస్ట్’ పోస్టర్‌ను ఒక పది నిమిషాలు చూడమనండి. బిల్ గోల్డ్ డిజైన్ అది. టోపీ పెట్టుకున్న మనిషి వీధిలో నీడలా నిలబడి ఉంటాడు, మేడమీద కిటికీలోంచి వెలుగు అతని మీద పడుతుంటుంది. అంతే. దెయ్యం ఎక్కడా లేదు. మామూలుగా చీకట్లో భయం, వెలుగులో ధైర్యం కదా. ఇక్కడ భయమంతా ఆ వెలుగున్న గదిలోనే ఉంది. అలాగని ఏదీ చూపించకూడదని కాదు. 1975 ‘జాస్’ పోస్టర్లో సొరచేప నోరు తెరుచుకుని నిండుగా కనిపిస్తుంది. కానీ పైన ఈదుతున్న మనిషికి ఆ సంగతి తెలియదు, మనకు తెలుసు. ఆ రెండింటి మధ్య మిగిలిన నీళ్ల జాగాలోనే భయం ఉంది. ఏది చూపాలి, ఏది దాచాలి అని తేల్చుకోవడమే ఈ పని. బ్రష్‌లు, ఎఫెక్టులు ఎవరైనా నెలలో నేర్చుకుంటారు.

రెండో పోస్టర్లో ఎర్రకళ్ల ముఖం జాతరలో అమ్మే మాస్కులా ఉంది. ఫోన్‌తో ఇంట్లోవాళ్ల ముఖాన్నే ఫొటో తీయమనండి. గదిలో లైట్లార్పి టార్చి గడ్డం కిందనుంచి వేయాలి. ఎప్పుడూ పైనుంచి పడే వెలుగులో ముఖాలు చూసే కంటికి నీడలు తలకిందులైతే తేడా కొడుతుంది. తర్వాత కనుపాపలో మెరిసే తెల్లచుక్కను చెరిపేయాలి. అది ఉన్నంతసేపూ కన్ను తడిగా, ప్రాణంతో ఉంటుంది. తీసేస్తే చచ్చిన చేప కన్ను. ఇంకోటి, ముఖాన్ని నిలువునా సగానికి కోసి ఒక సగాన్నే అద్దంలోలా రెండోవైపు పెట్టి చూడాలి. ఎవరి ముఖమూ రెండువైపులా ఒకేలా ఉండదు కాబట్టి, చూసేవాళ్లకు ఏదో తప్పుందని తెలుస్తుంది గానీ ఏమిటో చెప్పలేరు. మెడనో వేళ్లనో సాగదీయాలనిపిస్తే నూటికి మూడు నాలుగు పాళ్లు చాలు. పది దాటితే కార్టూన్. ఈ నాలుగూ ఒకే ముఖం మీద ప్రయోగించినా కార్టూనే.

మూడోదాంట్లో బొమ్మ బాగుంది, టైటిల్ దగ్గర బోర్లా పడింది. ‘పాడుబడ్డ బావి’ అన్న అక్షరాల కింద నెత్తురు ధారలు కార్చింది. ఇంగ్లిష్ అక్షరాల కింద ఖాళీ ఎక్కువ కాబట్టి అక్కడ చెల్లుతుంది. మనకు అక్కడ వత్తులుంటాయి. ‘డ్డ’ కింది వత్తు ధారలో కలిసిపోయి ‘పాడుబడ బావి’ అయింది. పైగా గీకినట్టుండాలని వేసిన గీత ‘ప’ కడుపులో పడి అది ‘ష’లా చదవాల్సొస్తోంది! ‘ర’ నడుమ చుక్క పడితే ‘ఠ’ అయ్యే భాష మనది, చెరపడంలో జాగ్రత్త ఉండాలి. ధారలు తీసేసి అక్షరాల మధ్య ఎడం పెంచి, ఒక్క అక్షరాన్ని మాత్రం వరుసలోంచి కొద్దిగా కిందికి జార్చమనండి. ఫొటోషాప్‌లో యూనికోడ్ ఫాంట్ వాడేటప్పుడు వత్తులు విడిపోతే, టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకోవాలి. డీటీపీ సెంటర్లలో ఎక్కువగా కనబడే అను ఫాంట్లకూ యూనికోడ్‌కూ పొత్తు కుదరదు, టైటిల్‌ను బొమ్మగా మార్చి ఇవ్వడమే మేలు.

ఇక చదువు. డిజైన్ డిగ్రీ కోసం ఐఐటీ బొంబాయి నిర్వహించే ప్రవేశపరీక్ష యూసీడ్‌కి ఇంటర్లో ఏ గ్రూపైనా పర్వాలేదు, ఎంపీసీ అడ్డు కాదు. వరసగా రెండేళ్లు మాత్రమే రాయనిస్తారు. అందులో కంప్యూటర్ మీద రాసే భాగంతో పాటు చేత్తో బొమ్మ గీయాల్సిన భాగమూ ఉంటుంది. ఎన్‌ఐడీలకు (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) డాట్ అనే వేరే పరీక్ష, మెయిన్స్‌లో స్టూడియో టెస్ట్ పెడతారు. 2015లో నాగార్జున యూనివర్సిటీ ఆవరణలో మొదలైన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ మీ జిల్లాదే, అక్కడ కమ్యూనికేషన్ డిజైన్ ఉంది. కడప ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీకి ఏడీసెట్ రాయాలి. యూసీడ్, డాట్ దరఖాస్తులు ఇంటర్ పరీక్షలకు కొన్ని నెలల ముందే మూసేస్తారు, చాలామంది తల్లిదండ్రులు ఇంటర్ రిజల్ట్ వచ్చాక అడుగుతారు, అప్పటికే ఆ ఏడాది పోయినట్టే. ఈసారి దాటిపోతే కంగారు పడక్కర్లేదు: బీటెక్‌లో చేరినా తర్వాత పీజీ స్థాయి ప్రవేశపరీక్ష సీడ్ రాసి ఎం.డిజైన్‌కి వెళ్లొచ్చు.

బతుకుతెరువు గురించి నిజం చెప్పాలంటే, హారర్ పోస్టర్లు మాత్రమే చేసి బతకడం కష్టం. సినిమా పబ్లిసిటీ డిజైన్ పని ఎక్కువగా హైదరాబాద్‌లోనే జరుగుతుంది. ఆ చేత్తోనే పుస్తకాల అట్టలు, ఓటీటీ బొమ్మలు, గేములు, యాడ్ ఏజెన్సీల పనులు చేసుకోవాలి. ఫ్రీలాన్స్ అయితే అడ్వాన్సు ఎంత, ఎన్నిసార్లు మార్చి ఇవ్వాలి అన్నవి పని మొదలుపెట్టకముందే రాసుకోవాలి.

ఇంటర్ పరీక్షలు పాడవకుండా ఆదివారం రెండు గంటలు ఇవ్వండి. ఆరు వారాలపాటు ఒక్క పోస్టర్ మీదే పని చేయాలి. మొదటి రెండు వారాలు కంప్యూటర్ ముట్టుకోకుండా, అగ్గిపెట్టె సైజులో పెన్సిల్‌తో ఇరవై స్కెచ్‌లు గీయాలి. వాటిని పారేయకూడదు, పోర్ట్‌ఫోలియో చూసేవాళ్లకు పూర్తయిన పోస్టర్ కంటే ఆ కాగితాలే ఎక్కువ చెబుతాయి. అయ్యాక ఐదుగురికి మూడేసి సెకన్లు చూపించి తిప్పేసి, ‘బాగుందా’ అని కాక ‘ఏం చూశారు’ అని అడగాలి. బెంజ్ సర్కిల్ దగ్గర బండి మీద పోయేవాడికి దొరికే సమయం అంతకంటే ఎక్కువుండదు.

చివర్లో ప్రింటు. 20×30 అంగుళాల వాల్‌పోస్టర్ 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, 6000×9000 పిక్సెల్స్ కావాలి, నాలుగు వైపులా కత్తిరింపులో పోయేందుకు 3 మిల్లీమీటర్ల అదనపు అంచు (బ్లీడ్) వదలాలి. ఒక్క నల్ల ఇంకే పెడితే పెద్ద చీకటి జాగా బూడిద రంగులో వస్తుంది. మిగతా రంగుల ఇంకులూ కలిపి, శాతాల్లో సయాన్ 60, మజెంటా 40, ఎల్లో 40, బ్లాక్ 100 దగ్గర మొదలుపెట్టాలి. నాలుగూ వందకు వందా వేస్తే పల్చటి కాగితం మీద ఇంకు ఆరక, కట్టలో పక్క పోస్టర్ వెనక్కి అంటుకుంటుంది. స్క్రీన్ మీద కనబడీ కనబడనట్టున్న ముఖం ప్రింటులో పూర్తిగా మాయమవుతుంది కాబట్టి, పెద్దది తీయించే ముందు ఒక ఏ3 కాపీ తీయించి పగటి వెలుగులో చూడమనండి.