నీ మార్పు ఎక్కడికీ పోలేదు

తిరుపతి

నాయనా,

నీ మెసేజ్ చూశాను. "గంటన్నర కూర్చుని సరిచేస్తే పది నిమిషాల్లో తీసేశారు సార్, ఇంక వికీపీడియా జోలికి పోను" అన్నావు. టీ తాగుతూ నువ్వు సరిచేసిన శ్రీకాళహస్తి పేజీ తెరిచి, పాత మార్పులన్నీ చూపించే 'చరిత్ర' నొక్కాను. నువ్వు రాసిందంతా అక్కడే ఉంది. ఎవరు తీశారో, ఎన్ని గంటలకు తీశారో, అదీ ఉంది.

శ్రీకాళహస్తి ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉందన్న మాట నిజమే. 2022 ఏప్రిల్ 4న మారింది. కానీ నువ్వు 'చిత్తూరు' కనబడిన చోటల్లా 'తిరుపతి' అని కొట్టుకుంటూ పోయావు. 2010 మే 26న రాజగోపురం కూలిందన్న వాక్యంలోనూ అంతే, 2011 జనాభా లెక్కల దగ్గరా అంతే. అప్పటికి తిరుపతి జిల్లా ఎక్కడిది? పైగా ఆధారంగా ఒక్క మూలమూ ఇవ్వలేదు, ఎందుకు మార్చావో రాసే సారాంశం గడి ఖాళీ. రోజూ పేజీలు చెరిపే ఆకతాయిల్ని చూసి చూసి ఉన్న కంటికి నువ్వూ వాళ్ళలాగే కనబడ్డావు.

అలాగని నీ మార్పులు తీసేసినాయన చేసింది ఒప్పని అనను. సరైన మార్పులు ఉంచి, మిగతావి దిద్దాల్సింది. అంతా వెనక్కి తిప్పడానికి ఒక్క నొక్కు చాలు, దిద్దాలంటే పావుగంట పడుతుంది. కొత్తవాళ్ళతో ఓపిగ్గా ఉండమని వాళ్ళ మార్గదర్శకాలే చెబుతాయి. కనీసం నీతో మాట్లాడటానికి నీ పేరు మీద ఉండే చర్చ పేజీలో ఒక ముక్క రాసుంటే నీకింత బాధ ఉండేది కాదు.

నా సంగతీ విను. గోపురం గురించి నేను మొదట రాసింది "ఆ రాత్రి ఊరంతా ఏడ్చింది" అని. తీసేశారు. మళ్ళీ పెట్టా. మళ్ళీ తీశారు. కథలు రాసేవాణ్ణి, నా వాక్యమే తీస్తారా అని రోషం! 24 గంటల్లో మూడుసార్లకు మించి ఇలా చేస్తే నిరోధిస్తామని హెచ్చరిక వచ్చాక గానీ ఆగలేదు. "ఏ పేపర్లో వచ్చింది సార్?" అని ఒకాయన అడిగాడు. నేను కళ్ళారా చూశానన్నా. అక్కడ అది చెల్లదట. చివరికి పాత పేపర్లు తిరగేసి, గోపురం 1516లో కృష్ణదేవరాయలు కట్టించిందన్నదీ, కూలిన తేదీ మాత్రం రాశాను. అది నిలిచింది. ఏడుపు తర్వాత నా కథలోకి వచ్చింది, అక్కడ ఎవరూ తీయలేదు.

అంతా తెచ్చి మళ్ళీ అతికించకు. మొదటి వాక్యంలో జిల్లా పేరొక్కటే మార్చి, ప్రభుత్వ నోటిఫికేషన్‌ని మూలంగా ఇవ్వు. ఎందుకు మార్చావో సారాంశంలో నాలుగు మాటలు రాయి. ఆయన్ని చర్చ పేజీలో మర్యాదగా అడుగు. పలకకపోతే రచ్చబండలో అడుగు, అది తెలుగు వికీపీడియాలో అందరూ చర్చించుకునే పేజీ. పేరు చూసి భయపడకు, అక్కడ రచ్చ తక్కువే.

ఆదివారం వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో. నోటిఫికేషన్ కాపీ నా దగ్గరుంది.