స్టిక్కర్ ఎర్రబడిందని వారంటీ ఇవ్వనన్నారు

ప్రశ్న: ఫోన్ కొని తొమ్మిది నెలలైంది. ఉన్నట్టుండి చార్జింగ్ ఎక్కడం మానేసింది. సర్వీస్ సెంటర్‌లో ఇస్తే రెండు రోజుల తర్వాత ‘లోపల స్టిక్కర్ ఎర్రబడింది, నీళ్లు పోయాయి, వారంటీ వర్తించదు’ అని తిప్పి ఇచ్చేశారు. అమ్మేటప్పుడు ఐపీ68, నీళ్లను తట్టుకుంటుంది అని గొప్పగా చెప్పారు. నేను ఒక్కసారి కూడా నీళ్లలో పడేయలేదు. స్నానం చేసేటప్పుడు పాటల కోసం బాత్‌రూమ్ అరలో పెడతానంతే. వాళ్లతో ఎలా వాదించాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: ‘అంతే’ అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉందమ్మా. ఈ శీర్షిక రాయడానికి ముందు ఎనిమిదేళ్లు రిపేరు బల్ల దగ్గర కూర్చున్నాను. ‘నీళ్లు తగలనే లేదండీ’ అంటూ వచ్చిన ఫోన్లలో చాలావాటి చార్జింగ్ పోర్టులో పచ్చటి చిలుము కనబడేది. వాళ్లెవరూ అబద్ధాలకోరులు కారు. ఆవిరిని నీళ్లుగా లెక్కేసుకోలేదు, అంతే.

ఐపీ68 అంటే ఫోన్ దుమ్మును, నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు. అందులో 6 దుమ్ముకు, 8 నీటికి. ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం నీటి అంకె 7 అయితే మీటరు లోతులో 30 నిమిషాలు ముంచి చూస్తారు. 8కి అంతకంటే కఠినమైన పరీక్ష. లోతు, సమయం కంపెనీయే చెప్పాలి. అదంతా కొత్త ఫోన్‌తో, కదలని మంచినీళ్లలో. వేడి ఆవిరి, సబ్బు నీళ్లు ఆ పరీక్షలో లేవు. పైగా కింద పడ్డప్పుడల్లా, కాలం గడిచేకొద్దీ లోపలి సీళ్లు, జిగురు బలహీనపడతాయి.

అలాగని వాళ్ల మాటతో సరిపెట్టుకోనక్కర్లేదు. ఆ స్టిక్కర్ తడి తగిలితే లోపలి రంగు పైకి పాకే చిన్న ముక్క. ఫలానా చోట తడి తగిలిందని మాత్రమే చెబుతుంది. చార్జింగ్ ఎందుకు ఆగిందో దానికి తెలియదు. చాలా ఫోన్లలో ఒక స్టిక్కర్ సిమ్ ట్రే గాడిలోనే ఉంటుంది. అక్కడ ఎర్రబడినంత మాత్రాన లోపలి సర్క్యూట్ బోర్డు దాకా నీళ్లు చేరాయని కాదు. అందుకే ఏ స్టిక్కర్ ఎర్రబడిందో ముందు అడగండి.

నోటిమాటగా వద్దు, రాసివ్వండి. ‘ఎర్రబడిన స్టిక్కర్ ఫొటో, బోర్డు మీద చిలుము పట్టిన చోటి ఫొటో ఇవ్వండి. ఆ చిలుమే చార్జింగ్ ఆగడానికి కారణమని టెక్నీషియన్ రిపోర్టులో రాయించండి. వారంటీ పత్రంలోని ఏ నిబంధన ప్రకారం కాదంటున్నారో చెప్పండి.’ ఈ నాలుగు ముక్కలు చాలు. బోర్డు శుభ్రంగా ఉండి పోర్టో, చార్జింగ్‌ను నడిపే చిప్పో పోయిందని తేలితే మీ వాదన బలమైనదే. బోర్డంతా చిలుము పట్టి ఉంటే వారంటీ మీద ఆశ తక్కువ.

అప్పుడు ప్రకటన సంగతి ఎత్తండి. 2022లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు శాంసంగ్ ఆస్ట్రేలియాకు 1.4 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఈత కొలనుల్లో, సముద్రంలో వాడుకోవచ్చన్నట్టు ప్రకటనలిచ్చారు. తీరా చూస్తే పోర్టు తడిగా ఉండగా చార్జింగ్ పెడితే పాడయ్యే అవకాశం ఉంది. 2020లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఆపిల్‌కు కోటి యూరోల జరిమానా వేయడానికి ఒక కారణం మీ గొడవలాంటిదే: నీళ్లను తట్టుకుంటుందని ప్రచారం చేసి, ద్రవం వల్ల పాడైతే వారంటీ లేదనడం. వీటితో మీ కేసు గెలిచినట్టు కాదు గానీ, మీరు కొన్నప్పటి ప్రకటన, పెట్టె మీది రాత ఫొటో తీసి దాచుకోవడం ఎందుకో అర్థమవుతుంది.

ఈలోగా డబ్బు కట్టి రిపేరుకు ఒప్పుకోకండి. బయటి షాపులో ఫోన్ విప్పించకండి. విప్పిస్తే తర్వాత దేనికైనా అదే సాకు అవుతుంది. సర్వీస్ సెంటర్ కాదంటే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, మీకు అమ్మిన దుకాణానికీ అదే ఉత్తరం పంపండి. చాలా దేశాల చట్టాల్లో కంపెనీ వారంటీ వేరు, అమ్మినవాడి బాధ్యత వేరు. ఆ తర్వాతి మెట్టు వినియోగదారుల కమిషన్ (ఒకప్పటి ఫోరం).

ఉత్తరంలో మాత్రం ‘నీళ్లు తగలనే లేదు’ అని రాయకండి. బాత్‌రూమ్ అర సంగతి ఉన్నదున్నట్టు రాసి, ‘నీళ్లలో ముంచలేదు’ అనండి. ఫొటోలు చేతికొచ్చాక ఒక కాపీ నాకూ పంపండి, చిలుము ఎక్కడుందో చూసి చెబుతాను.