పేర్లు పడుతుండగానే లైట్లు వేయకండి

చిన్న సినిమా హాళ్లను కలిసి నడుపుకునే బృందాలు డాక్యుమెంటరీ ప్రదర్శనల గురించి, వాటి వెంట పెట్టే చర్చల గురించి అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: ఒక డాక్యుమెంటరీ డీవీడీ కొన్నాం. టికెట్ పెట్టకుండా ఉచితంగానే వేస్తాం. అయినా అనుమతి తీసుకోవాలా?

జవాబు: తీసుకోవాలండీ. డీవీడీ కొంటే వచ్చేది ఇంట్లో చూసుకునే హక్కు. నలుగురినీ పిలిచి వేస్తే అది బహిరంగ ప్రదర్శన అవుతుంది. టికెట్ ఉందా లేదా అన్నదానితో సాధారణంగా నిమిత్తం ఉండదు. చందా కట్టి ఆన్‌లైన్‌లో చూసే సినిమాలదీ ఇదే సంగతి.

పంపిణీదారుకు రాయండి, వారు లేకపోతే నిర్మాతకు. తేదీ, ఎన్ని ఆటలు, ఎన్ని సీట్లు, టికెట్ సంగతి, తర్వాత చర్చ ఉందా, దాన్ని రికార్డు చేస్తారా, ఇవన్నీ మొదటి ఉత్తరంలోనే చెప్పేయండి. దర్శకుడు ‘వేసుకోండి’ అని నోటిమాటగా అన్నా సరిపోదు. డాక్యుమెంటరీల్లో వాడే పాత వార్తాచిత్రాలకూ, సంగీతానికీ విడి ఒప్పందాలుంటాయి. అవి కొన్ని దేశాలకో, కొన్నేళ్లకో పరిమితమై ఉండొచ్చు. అందుకే హక్కులున్నవారి దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: డీసీపీని (హాళ్ల కోసం తయారుచేసే డిజిటల్ సినిమా ప్రతి) సర్వర్‌లోకి ఎక్కించాం. కేడీఎం (దాన్ని తెరిచే డిజిటల్ తాళంచెవి) కూడా వచ్చింది. ఆట వేళకు మాత్రం సినిమా తెరుచుకోలేదు. ఎందుకిలా జరుగుతుంది?

జవాబు: కేడీఎం అన్ని తాళాలకూ పట్టే తాళంచెవి కాదు. ఫలానా సర్వర్ మీద, ఫలానా సినిమా ప్రతి, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు అని రాసి ఇచ్చే చెవి. ఈ మూడింటిలో ఏది తప్పినా తెరుచుకోదు.

మొదటిది సర్వర్. రిపేరులో సర్వర్‌నో, అందులో సినిమా తాళం తీసి బొమ్మగా మార్చే భాగమైన మీడియా బ్లాక్‌నో మార్చి ఉంటారు. దాంతోపాటు దాని సర్టిఫికెట్ (ఆ యంత్రాన్ని గుర్తించే డిజిటల్ పత్రం) కూడా మారుతుంది, పంపిణీదారు దగ్గర మాత్రం పాతదే ఉండిపోతుంది. రెండోది, సబ్‌టైటిళ్లు ఉన్న ప్రతికి చెవి తెప్పించుకుని, లేని ప్రతిని ప్లేలిస్టులో పెట్టడం. ఒకే సినిమా అయినా ఆ రెండింటి గుర్తింపు సంఖ్యలు వేరు. మూడోది గడువు. పంపేవారు వేరే దేశంలో ఉంటే గంటల లెక్క తారుమారవుతుంది. అతిథి ప్రసంగం సాగి ఆట ఆలస్యమైనా గడువు దాటిపోవచ్చు. చర్చ ఉన్న రోజున ఆట మొదలయ్యే వేళకు 24 గంటల ముందు నుంచి, ముగిశాక మరో 6 గంటల వరకు చెల్లేలా ఇవ్వమని అడగండి.

సర్వర్ సీరియల్ నంబరును వారం ముందే పంపి, రెండు రోజుల ముందు సినిమాను ఎక్కించండి. ఒక్కో సినిమా వంద గిగాబైట్లు దాటడం మామూలే, ఎక్కడానికి గంటలు పడుతుంది. ఎక్కాక, కేడీఎం గడువు మొదలవగానే మొదటి 5 నిమిషాలు, నడుమ 5, చివరి 5 వేసి చూడండి. అసలు బొమ్మ పడుతోందా అన్నదే కాదు, సబ్‌టైటిళ్లు తెరలోపలే ఉన్నాయా, మాట నడిమి స్పీకర్ నుంచి వస్తోందా అన్నవీ చూసుకోవాలి.

ప్రశ్న: మాకు సినిమా సర్వర్ లేదు. ల్యాప్‌టాప్ నుంచి వేస్తాం. కెమెరా పక్కకు కదిలిన ప్రతిసారీ బొమ్మ తడబడుతోంది. ప్రొజెక్టర్ లోపమా?

జవాబు: చాలాసార్లు ప్రొజెక్టర్ తప్పేమీ ఉండదు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 60 హెర్ట్జ్ మీద, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారేలా వేస్తే ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతిది రెండుసార్లు పడుతుంది. నిలకడగా ఉన్న దృశ్యంలో ఇది తెలియదు, కెమెరా కదిలినప్పుడు కనబడిపోతుంది. ల్యాప్‌టాప్ డిస్‌ప్లే సెట్టింగ్‌లో 24 ఫ్రేముల సినిమాకు 24 హెర్ట్జ్, 25 ఫ్రేముల దానికి 50 హెర్ట్జ్ పెట్టండి. ఫైలును పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా వేయకుండా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోండి. నోటిఫికేషన్లు, స్లీప్, ఆటోమేటిక్ అప్‌డేట్లు మూడూ ఆపేయండి.

స్పీకర్లలో గుయ్‌మనే రొద వస్తుంటే ఛార్జర్ తీసి చూడండి. రొద ఆగితే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ తీగలు కలిసి ఏర్పడే చుట్టు. ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ నడుమ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (తీగలు నేరుగా కలవకుండా ధ్వనిని మాత్రం దాటించే చిన్న పెట్టె) పెడితే పోతుంది. ప్లగ్గులోని ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీయకండి, ప్రాణాపాయం.

ప్రశ్న: 12 అడుగుల వెడల్పు తెరకు ఎన్ని ల్యూమెన్ల (ప్రొజెక్టర్ ఇచ్చే వెలుగు కొలత) ప్రొజెక్టర్ కావాలి?

జవాబు: 16:9 తెరైతే ఎత్తు 6.75 అడుగులు, వైశాల్యం 81 చదరపు అడుగులు. సినిమా తెరకు ప్రమాణం 14 ఫుట్‌లాంబర్ట్‌లు (తెర మీంచి కంటికి వచ్చే వెలుగు కొలత). రెండూ గుణిస్తే సుమారు 1,134 ల్యూమెన్లు. అయితే పెట్టె మీద వేసే అంకె అన్నిటికన్నా వెలుగెక్కువ మోడ్‌ది. రంగులు సరిగా కనిపించే మోడ్‌లో అది బాగా పడిపోతుంది, దీపం పాతబడ్డకొద్దీ ఇంకా తగ్గుతుంది. కాబట్టి 2,500 నుంచి 3,000 ఉన్నది తీసుకోండి. పగటి ఆటలో కిటికీల నుంచి వెలుతురు పడితే ఎన్ని ల్యూమెన్లున్నా నలుపు నలుపుగా ఉండదు. ముందు కర్టెన్ల మీద ఖర్చు పెట్టండి. నేల చదునుగా ఉంటే తెర అడుగు అంచు కనీసం 4 అడుగుల ఎత్తున ఉండాలి, లేకపోతే సబ్‌టైటిళ్లు ముందువరుస తలల వెనక్కి పోతాయి.

ప్రశ్న: సినిమా అవ్వగానే సగం మంది లేచి వెళ్లిపోతున్నారు. మిగిలినవారితో చర్చ మొదలుపెడితే మైకు కీచుమంటుంది. ఏం చేయాలి?

జవాబు: జనం లేచేది చర్చ ఇష్టంలేక కాదు. లైట్లు ఒక్కసారిగా వెలిగితే అయిపోయిందనుకుంటారు. ఆట మొదలవకముందే ‘దర్శకురాలు ఇక్కడే ఉన్నారు, పేర్లు పడ్డాక 25 నిమిషాలు మాట్లాడతారు’ అని చెప్పండి. పేర్లు ఆఖరి వరకు పడనివ్వండి. ఏళ్ల తరబడి పనిచేసిన మనుషుల పేర్లవి, పైగా ఇప్పుడే చూసింది మనసులో సర్దుకోవడానికి ఆ రెండు మూడు నిమిషాలు ప్రేక్షకులకూ కావాలి. తెర ఖాళీ అయ్యాక హాలు లైట్లను పావువంతు మాత్రమే పెంచి, అతిథి కూర్చున్నాక పూర్తిగా వేయండి. నడుమ విరామం ఇవ్వకండి. కుర్చీలు, మైకులు తెర పక్కన సిద్ధంగా ఉంటే ఇద్దరు మనుషులు నిమిషంలో అమర్చేస్తారు.

ఇక మైకు కూత. హాలు స్పీకర్లు తెర వెనకో, పక్కనో ఉంటాయి. అతిథి కూర్చునేదేమో వాటి ముందు. స్పీకర్ మాట మళ్లీ మైకులో పడి, ఆ చక్రం పెరిగి పెరిగి కూతవుతుంది. మాటల కోసం రెండు చిన్న స్పీకర్లను అతిథి కుర్చీకి ముందువైపు, జనం వైపు తిప్పి పెట్టండి. మిక్సర్‌లో 100 హెర్ట్జ్ కింది ధ్వనిని కోసేయండి. మాట్లాడని మైకులను మూసి ఉంచండి. మైకు నోటికి గుప్పెడు దూరంలో ఉండాలి. దూరంగా పట్టుకుంటే ఆపరేటర్ గెయిన్ (మైకు ధ్వనిని మిక్సర్‌లో పెంచే స్థాయి) పెంచక తప్పదు, కూత మొదలయ్యేది అక్కడే.

జనంలోకి రెండు చేతిమైకులు, నడవకొకటి చొప్పున పంపండి. మైకును ప్రశ్నించేవారి చేతికి ఇవ్వకుండా కార్యకర్తే పట్టుకుంటే ప్రశ్న ఉపన్యాసంగా మారదు. మొదటి ప్రశ్న నిర్వాహకులే అడగాలి, అదీ ఒక నిర్దిష్టమైన దృశ్యం గురించి. ‘ఈ సినిమా తీయాలని ఎందుకనిపించింది?’ అంటే అతిథి వందసార్లు చెప్పిందే మళ్లీ చెబుతారు.

ప్రశ్న: దర్శకుడు వీడియో కాల్‌లో వస్తారు. పోయినసారి ఆయన మాట ఆయనకే తిరిగి వినబడి మాట్లాడలేకపోయారు.

జవాబు: ఆయన గొంతు హాలుకు వెళ్లాలి, తిరిగి ఆయనకు వెళ్లకూడదు. మిక్సర్‌లో ఒక ఆక్స్ సెండ్‌ను (హాలు స్పీకర్లకు కాకుండా, ఎంచుకున్న ధ్వనులను విడిగా పంపే దారి) కాల్ ల్యాప్‌టాప్ ఇన్‌పుట్‌కు కలపండి. ఆ ఆక్స్‌లో హాలు మైకులన్నిటినీ తెరిచి, కాల్ ల్యాప్‌టాప్ ఛానల్‌ను మాత్రం సున్నా చేయండి. ల్యాప్‌టాప్ సొంత మైకును ఆపేయండి. సినిమా వేసే ల్యాప్‌టాప్, కాల్ ల్యాప్‌టాప్ వేరువేరుగా ఉండాలి. ఇంటర్నెట్ వైఫై మీద కాకుండా కేబుల్ మీద ఉండాలి. జనం ఆయనకు కనబడేలా ఒక కెమెరాను సీట్ల వైపు తిప్పండి. ముఖాలు కనిపించకపోతే ఎవరికైనా మాట పొడిపొడిగానే వస్తుంది.

ప్రశ్న: సినిమాలో కనిపించే మనిషినే అతిథిగా పిలవవచ్చా?

జవాబు: పిలవవచ్చు, కాని ఆ సినిమాను వారు మొదటిసారి చూసేది మీ హాల్లో, పరాయి మనుషుల నడుమ కాకూడదు. ముందే చూశారో లేదో దర్శకుణ్ని అడిగి తెలుసుకోండి. ఏ విషయాలు అడగకూడదో వారినే అడిగి నిర్వాహకులకు రాసివ్వండి. తలుపు దగ్గరి సీటు ఇవ్వండి, తట్టుకోలేనప్పుడు ఎవరినీ దాటకుండా బయటికి వెళ్లగలగాలి. చర్చను రికార్డు చేయాలంటే ఆ మనిషి ఒప్పుకోలు విడిగా తీసుకోండి, వద్దంటే కెమెరాను బయటికి తీయకండి.