పాపకు తినిపించానా, పాపచేత తినిపించానా?

సందేహం: మా పాపకు రెండున్నరేళ్ళు. రోజులన్నీ ఒకేలా గడిచిపోతున్నాయి. రాత్రి పడుకునే ముందు ‘ఇవాళ ఏం చేశాను?’ అనుకుంటే ఒక్కటీ గుర్తు రాదు. అందుకే డైరీ మొదలుపెట్టాను. రాస్తుంటే ప్రతి వాక్యం ‘-ఇంచాను’, ‘-బెట్టాను’ అనే ముగుస్తోంది. ఇది దోషమా? ‘పాపకు తినిపించాను’ అనాలా, ‘పాపచేత తినిపించాను’ అనాలా? ఈ పనులన్నిటినీ కలిపి ‘చాకిరీ’ అని రాస్తే తప్పవుతుందా? నిన్న ‘చెప్పులు తనే వేసుకుంది, కుడి ఎడమ మార్చి’ అని రాసి, అది నేను చేసిన పని కాదు కదా అని కొట్టేశాను.
– ఒక పాఠకురాలు

సమాధానం: మీరు రాయదలచుకున్న అర్థానికి ‘పాపకు తినిపించాను’ అన్నదే ఒప్పు. ‘పాపచేత తినిపించాను’ అన్నా వ్యాకరణం అడ్డు చెప్పదు గానీ, అర్థం మారిపోతుంది. పాప తన చిన్న చేత్తో వాళ్ళ నాన్న నోట్లో ఒక ముద్ద పెట్టేలా మీరు చేస్తే, అప్పుడు ‘పాపచేత నాన్నకు తినిపించాను’ అని రాసుకోండి.

‘-ఇంచు’ చేరిన ఇలాంటి క్రియల్ని ప్రేరణార్థకాలు అంటాం. చేసేవారు ఒకరు, చేయించేవారు ఇంకొకరు. బడిలో ఇంతవరకే చెప్పి ఊరుకుంటారు. నాకు ఆసక్తి కలిగించేది ఆ తరవాతి సంగతి: అందులో చేతులు ఎవరివి? ‘మేస్త్రీచేత గోడ కట్టించాను’ అన్నప్పుడు ఇటుక మీద ఇటుక పేర్చిన చేతులు మేస్త్రీవి. ‘పాపకు స్నానం చేయించాను’ అన్నప్పుడు నీళ్ళ వేడి చూసిందీ, కంట్లో నురగ పడకుండా నుదుటి మీద అడ్డం పెట్టిందీ అమ్మ చేతులే. స్నానం మాత్రం పాపది. రెండుచోట్లా క్రియకు చేరింది ఆ ‘-ఇంచు’ ఒక్కటే. తేడా అంతా విభక్తి చూపిస్తోంది. ‘కి, కు’లను మనం షష్ఠి కింద వల్లెవేశాం గానీ, ఇక్కడ అవి చేసే పని సంప్రదానం, అంటే ఎవరికి ఇస్తున్నామో చెప్పడం. ‘పాపకు ఇచ్చాను’లో ఉన్న ‘కు’యే ‘పాపకు తినిపించాను’లోనూ ఉంది. అందులో ఇవ్వడం ఉందని భాష ఎప్పుడో గుర్తించింది.

ఇక నిద్రపోవడం, నవ్వడం, నడవడం లాంటి అకర్మక క్రియల (కర్మ అక్కర్లేని క్రియల) దగ్గర ‘ను’ వస్తుంది. పాపను నిద్రపుచ్చాను, నవ్వించాను, నడిపించాను. ఏడుస్తుంటే ఊరుకోబెట్టాను. ‘చదివించు’ దగ్గర మాత్రం కాస్త ఆగండి. ‘పాపచేత చదివించాను’ అంటే ఒక పేజీ, ఓ పావుగంట. ‘పాపను చదివించాను’ అంటే ఇరవై ఏళ్ళు. ఒక్క విభక్తి మారితే కాలం అంత సాగుతుంది. ఇది నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

ప్రతి వాక్యం అలాగే ముగియడం దోషం కానే కాదు. లేపు, తాగించు, తొడుగు, దించు, పడుకోబెట్టు అంటూ మీరు రాసేవన్నీ ఇంకొకరి కోసం చేసే పనుల పేర్లు. ‘పెరుగు’ అనే క్రియకు ప్రేరణార్థకమే ‘పెంచు’. పెరగడం బిడ్డ వంతు, పెంచడం మీ వంతు. రాత్రికి మీకేమీ గుర్తు రాకపోవడానికి ఇదీ ఒక కారణమేమో అనిపిస్తుంది. ఈ పనుల ఫలితం మీ చేతిలో మిగలదు, బిడ్డలో మిగులుతుంది.

మీరు అడగకపోయినా, తల్లుల డైరీలో తప్పకుండా కనిపెట్టవలసిన ఇంకో ప్రత్యయం ఉంది. అది ‘కొను’. ఎవరి పని వారు తమకోసం చేసుకుంటే వచ్చే ఈ రూపాన్ని ఆత్మార్థకం అంటారు. దువ్వు, దువ్వుకొను. తొడుగు, తొడుక్కొను. మా మనవడికి మూడేళ్ళప్పుడు ఒక పొద్దున మా అమ్మాయి వాడికి చొక్కా తొడుగుతోంది. వాడు ఆమె చెయ్యి తోసేసి, గుండీ పట్టుకుని, ‘నేనే తొడుగుతా’ అన్నాడు. ‘తొడుక్కుంటా’ అనాలి కదా! కానీ వాడు రోజూ వినేది అమ్మ నోట ‘రా, చొక్కా తొడుగుతా’ అన్న మాట. ఆమె పనితో పాటు ఆమె క్రియనూ అందుకున్నాడు. గుండీ ఒక కాజా తప్పి కిందిదాంట్లో పడింది. మా అమ్మాయి సరిచేయబోయి ఆగింది. ఇంకో రెండు నెలలకి వాడు తనంతట తనే ‘తొడుక్కుంటా’ అనడం మొదలుపెట్టాడు. ఎవరూ దిద్దలేదు.

చాకిరీ సంగతి. పారసీలో చాకర్ అంటే సేవకుడు, అతను చేసే కొలువు చాకరీ. మన నోట చాకిరీ అయింది. ఆ మాటలో ఒక యజమాని ఉన్నాడు, అలసట ఉంది. ఒళ్ళు హూనమైన రోజున చాకిరీ అనే రాయండి, తప్పేమీ లేదు. అలసిపోయిన తల్లికి మాటలు నేర్పే పెత్తనం ఎవరికీ లేదు. టెన్షన్ కాస్త తగ్గిన రోజున ‘నిత్యకృత్యం’ అన్న మాట కూడా చూడండి. కృత్యం అంటే చేయవలసినది. నిత్యకర్మ గురించి శాస్త్రాల్లో ఒక మాట చెబుతారు: చేస్తే ప్రత్యేకమైన ఫలమంటూ ఉండదు, చేయకపోతే మాత్రం దోషం వస్తుంది. ఉతికి మడతపెట్టిన బట్టల్ని ఎవరూ గమనించరు, ఉతకని రోజున ఇంటిల్లిపాదీ గమనిస్తారు. ఏ అమ్మకైనా తెలిసిన సంగతే ఇది.

చివరగా, మీరు కొట్టేసిన వాక్యం. దయచేసి దాన్ని మళ్ళీ రాయండి. ‘చెప్పులు వేశాను’ అని మీరు ఇన్నాళ్ళు రాసిన వాక్యమే నిన్న ‘వేసుకుంది’ అయింది. ‘వేసుకొంది’ అని రాసినా సరే, ‘వేసుకుంది’ అని రాసినా సరే, రెండూ వాడుకలో ఉన్నాయి. ‘కుడి ఎడమ మార్చి’ అన్నది మాత్రం తీసేయకండి.