ఉసిరి రసం, ఎర్ర రక్తకణాలు: ఈ దారిలో ఉద్యోగాలున్నాయా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బీజడ్‌సీ చివరి సంవత్సరం. కాలేజీ ప్రాజెక్టులో ఉసిరి, మునగాకు రసాల్లోని యాంటీఆక్సిడెంట్లను (ఆక్సీకరణ వల్ల కణాలు పాడవకుండా కాపాడే పదార్థాలను) పరీక్షించింది. ఇప్పుడు అవి మనిషి ఎర్ర రక్తకణాలపై ఎలా పనిచేస్తాయో పరిశోధన చేస్తానంటోంది. బీఈడీ చేయమంటే వినడం లేదు. ఇందులో భవిష్యత్తు ఉందా? మాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఉంది. కాకపోతే మీ అమ్మాయి మొక్క వైపు నుంచి వెళ్తుందా, రక్తకణం వైపు నుంచి వెళ్తుందా అన్నది ముందు తేల్చుకోవాలి.

మొక్క వైపు నుంచి వెళ్లేవాళ్లు మన దగ్గర చాలామంది. ఏదో ఒక ఆకు తెచ్చి, ఎండబెట్టి, మిథనాల్‌లో నానబెట్టి, ఆ రసాన్ని డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో కలుపుతారు. రంగు విరిగి పసుపు పచ్చగా మారుతుంది. 517 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని ఆ ద్రావణం ఎంత పీల్చుకుంటుందో రీడింగ్ తీసి, ‘ఇందులో యాంటీఆక్సిడెంట్లు ఉన్నాయి’ అని రాసేస్తారు. చాలా ఆకులకు ఇదే జవాబు వస్తుంది. మీ అమ్మాయి చేసిందీ బహుశా ఇదే. చెయ్యి తిరగడానికి మంచిదే కానీ, అందులో రక్తకణం అన్నదే లేదు. ఆ ఒక్క పరీక్షను నమ్ముకుని పీహెచ్‌డీకి వెళ్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఇక రక్తకణం వైపు చూద్దాం. ఎర్ర రక్తకణానికి కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు. పాడైన ప్రొటీన్ స్థానంలో కొత్తది తయారుచేసుకోలేదు. దాదాపు 120 రోజులు ఉన్నదానితోనే నెట్టుకురావాలి. లోపలంతా ఇనుమూ ఆక్సిజనే కాబట్టి ఆక్సీకరణ దెబ్బ (ఆక్సిజన్ రసాయన చర్యతో కణం భాగాలు పాడవడం) రోజూ తగులుతూనే ఉంటుంది. దాన్ని కాచుకోవడానికి గ్లూటాథయోన్, కెటలేజ్ వంటివి సొంతంగా ఉన్నాయి. వాడిన గ్లూటాథయోన్‌ను మళ్లీ పనికొచ్చేలా చేయాలంటే జీ6పీడీ అనే ఎంజైమ్ సరిగా పనిచేయాలి. మనం తినే ఉసిరిలోని విటమిన్ సి, ఉల్లిలోని క్వెర్సెటిన్ ఈ ఏర్పాటుకు ఎంతవరకు తోడవుతాయన్నదే అసలు ప్రశ్న. క్వెర్సెటిన్ లాంటివాటి రూపాన్ని పేగులు, కాలేయం మార్చేస్తాయి. చివరికి రక్తంలో తేలేది చాలా కొద్ది. టెస్ట్ ట్యూబులో పోసే మోతాదు చాలాసార్లు అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే ట్యూబులో బాగా పనిచేసింది కదా అని ఒంట్లోనూ చేస్తుందనుకోలేం.

మొక్క నుంచి వచ్చింది కాబట్టి మంచే చేస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. జీ6పీడీ లోపం ఉన్న పసిపిల్లలకు గోరింటాకు పెడితే, అందులో రంగునిచ్చే లాసోన్ చర్మం గుండా లోపలికి వెళ్లి ఎర్ర కణాలు చిట్లిపోయిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కుంకుడుకాయలో నురగ తెప్పించే సపోనిన్లు నేరుగా కణం పొరనే చీలుస్తాయి.

ఈ రోజు అన్నాల దగ్గర మీ అమ్మాయిని ఒకటి అడిగి చూడండి. రక్తకణాలను సెలైన్‌లో కడిగి, రసం కలిపి, ఆక్సీకరణ దెబ్బ తగిలించాక ఎన్ని చిట్లాయో 540 నానోమీటర్ల దగ్గర హీమోగ్లోబిన్ రంగును బట్టి లెక్కేస్తారు. మునగాకు రసానికి తన రంగు తనకు ఉంది కదా, మరి చూపించే అంకె కణాలదో ఆకుదో ఎలా తెలుస్తుంది? ‘కణాలు లేకుండా రసం ఒక్కదానికే రీడింగ్ తీసి అది తీసేయాలి’ అని వెంటనే చెప్పినా, చెప్పలేక పుస్తకం తీసినా, ఆ అమ్మాయిని ఈ దారిలో పంపొచ్చు. విసుక్కుంటే మాత్రం ఇంకోసారి ఆలోచించండి.

ఇక చదువు. నా సలహా ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ. బోటనీ వద్దు. తెలంగాణ వర్సిటీలకు సీపీగెట్, సెంట్రల్ వర్సిటీలకు సీయూఈటీ-పీజీ, ఐఐటీలకు జామ్ రాయాలి. బీజడ్‌సీ వాళ్లకు అర్హత ఉందో లేదో ప్రతి నోటిఫికేషన్‌లోనూ చూసుకోండి. ఎమ్మెస్సీ ఆఖర్లో సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీలో తొలి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత రూ.42,000 ఫెలోషిప్ వస్తుంది. అమ్మాయిలకు వయసులో ఐదేళ్ల సడలింపూ ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, కణాలపై పరిశోధనలు చేసే సీసీఎంబీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ - అన్నీ మీకు బస్సు దూరంలోనే ఉన్నాయి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల సమ్మర్ ఫెలోషిప్‌కు ఇప్పుడే కాకపోయినా ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో తప్పకుండా దరఖాస్తు చేయించండి.

రక్తకణం తెలిసినవాళ్లకు పని ఆకుల దగ్గరే ఆగిపోదు. బ్లడ్ బ్యాంకు సంచిలో ఎర్ర కణాలను ఎక్కువలో ఎక్కువ 42 రోజులే నిల్వ ఉంచుతారు. ఆ రోజుల్లోనూ ఆక్సీకరణతో అవి దెబ్బతింటూనే ఉంటాయి. ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ వ్యాధిలోనూ ఇదే బెడద. ఆ వ్యాధి నిర్మూలనకు కేంద్రం 2023లో జాతీయ మిషన్ మొదలుపెట్టి గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేయిస్తోంది. డయాగ్నస్టిక్ కిట్ల కంపెనీలు, క్లినికల్ పరిశోధన సంస్థలు ఉండనే ఉన్నాయి. ఎమ్మెస్సీతో ఆపేస్తే తొలి జీతం మీరు ఆశించినంత ఉండకపోవచ్చు, ఆ మాట దాచను. హెర్బల్ పౌడర్ల కంపెనీలు ‘రీసెర్చ్’ పేరుతో ఇచ్చే ఆఫర్లలో చాలావరకు అమ్మకాల ఉద్యోగాలే. బీఈడీ అంటారా, ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు.

ఒక ముఖ్యమైన పని. స్నేహితుల వేళ్లు గుచ్చి రక్తం తీసి ప్రయోగాలు చేయొద్దని చెప్పండి. మనిషి రక్తంతో పరిశోధనకు ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. అలాంటి ల్యాబులో అడుగుపెట్టే ముందే హెపటైటిస్ బి టీకా పూర్తయి ఉండాలి. చిన్నప్పుడు వేయించారో లేదో కార్డు చూడండి. లేకపోతే మూడు డోసులకు ఆరు నెలలు పడుతుంది కాబట్టి మొదటిది ఈ నెలలోనే వేయించండి.